చావడానికి జతచేయవలసిన పత్రాలు

మన రాష్ట్రంలో చావుకు అర్జీ పెట్టుకోవడం ఓ ప్రజాకళగా స్థిరపడిపోయింది. సోమవారం పూట ఏ కలెక్టరేట్ దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. గట్టు తగాదా తేలనివాడూ, ఆన్‌లైన్‌లో పొలం పక్కవాడి పేరెక్కినవాడూ, పింఛను ఆగినావిడా ఓ ఫ్లెక్సీ పట్టుకుని కనిపిస్తారు: "కారుణ్య మరణానికి అనుమతి ఇప్పించండి." ఫొటో పడుతుంది. అర్జీకి నంబరు పడుతుంది. కొన్నాళ్లకి సమస్య పరిష్కారమైందని ఫోనుకి మెసేజి కూడా రావచ్చు. పరిష్కారమైంది పొలం సంగతో, మరణం సంగతో అందులో ఉండదు.

ఆ ఫ్లెక్సీ పట్టుకున్నాయనకి చావాలని బొత్తిగా లేదండి. ఆయనకి కావలసింది సర్వేయరు. సర్వేయరు రాడు కాబట్టి యముణ్ణి పిలుస్తున్నాడు. యముడైతే ఇన్‌ఛార్జి మీద లేడనీ, ట్రైనింగుకి వెళ్లలేదనీ ఆయన నమ్మకం.

నవ్వి ఊరుకుందామంటే చిత్తూరు జిల్లా నవ్వనివ్వదు. 2016లో ఆ జిల్లా తంబళ్లపల్లె కోర్టుకి ఓ తల్లీ తండ్రీ ఎనిమిది నెలల పాపని ఎత్తుకుని వచ్చారు. పాపకి కాలేయం పనిచేయట్లేదు. కొత్త కాలేయానికి లక్షలు కావాలి. లేవు. పాపకి కారుణ్య మరణం ఇప్పించమన్నారు. మా పరిధి కాదు, హైకోర్టుకి వెళ్లమంది కోర్టు. టీవీలకెక్కాక ప్రభుత్వం కాలేయ మార్పిడికి డబ్బు మంజూరు చేసింది. అంటే వాళ్లు రాసింది చావు దరఖాస్తే గాని, లోపల ఉన్నది ఆస్పత్రి బిల్లు. బిల్లని రాస్తే చదివేవాడు లేడు. చావని రాస్తే కెమెరాలొచ్చాయి.

2021లో అదే జిల్లాలో ఇంకో తల్లి, తొమ్మిదేళ్ల కొడుకు. అదే అభ్యర్థన పట్టుకుని పుంగనూరు కోర్టు దాకా వెళ్లి, తిరిగి ఊరికొస్తుంటే ఆటోలోనే పిల్లాడి ప్రాణం పోయింది. అతనికి ఏ బెంచీ అనుమతీ అక్కర్లేకపోయింది.

ఇదీ మన దగ్గర దయామరణం మీద చర్చ అసలు మొహం. ఢిల్లీలోనూ టీవీ స్టూడియోల్లోనూ దానికి వేరే మొహం ఉంది. అక్కడ ఒకాయన ప్రాణం దేవుడిచ్చిందంటాడు. ఒకాయన నా శరీరం నా హక్కంటాడు. డాక్టరుగారు మా ప్రమాణం ఒప్పుకోదంటారు. లాయరుగారు రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణం తీస్తారు. నలుగురూ మంచి మాటలే చెబుతారు. ఐసీయూ బయట స్టీలు కుర్చీలో తువ్వాలు పరుచుకుని నిద్రపోయినవాడు మాత్రం ఆ నలుగురిలో ఎప్పుడూ ఉండడు.

మన తెలుగువాడొకడు నిజంగా ఈ ప్రశ్న అడిగాడు, అదీ బిల్లు కోసం కాదు. హైదరాబాద్ కుర్రాడు కె. వెంకటేశ్, పాతికేళ్లవాడు, చదరంగం ఆటగాడు. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు. 2004 డిసెంబరుకి వెంటిలేటరు మీదకొచ్చాడు. ఎలాగూ పోతున్నాను, ఇన్‌ఫెక్షన్ పాకి అవయవాలు పాడైపోకముందే ఈ మిషను ఆపి అవి ఎవరికైనా పెట్టండి అన్నది అతని కోరిక. తల్లి సుజాత ఆ కోరికని మన హైకోర్టు గడప దాకా మోశారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం ఇలా అవయవాలన్నీ తీసుకోవాలంటే మనిషి మెదడు చచ్చి ఉండాలి. వెంకటేశ్ మెదడేమో చదరంగం ఎత్తులు వేయగలిగినంత బతికి ఉంది. కుదరదన్నారు. రోజుల వ్యవధిలో అతను పోయాడు. ఇద్దామనుకున్నది అనుకున్న తీరులో ఇవ్వలేకపోయాడు.

చూడండి, ఈ దేశంలో దానం చేయడానికి కూడా అర్హత ఉండాలి. అతని తప్పల్లా తెలివితో ఉండటం. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2022లో, కాజోల్ తల్లిగా నటించిన 'సలామ్ వెంకీ' వచ్చింది. హిందీలో. మనవాడి చావుని మనం సబ్‌టైటిళ్లతో చదువుకుని కళ్లు తుడుచుకున్నాం. చట్టసభలో ఎవరైనా కళ్లు తుడుచుకున్నట్టు మాత్రం నాకు కబురు లేదు.

అసలు ఇలాంటి విషయాల్లో మన హైకోర్టు మొదటినుంచీ గట్టిదే. ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే 309 సెక్షను నిలవదని 1980లలో బొంబాయి హైకోర్టు అంటే, మనది 1988లో చెన్న జగదీశ్వర్ కేసులో బ్రహ్మాండంగా నిలుస్తుందంది. 1994లో సుప్రీంకోర్టు నిలవదంది. 1996లో అదే సుప్రీంకోర్టు మళ్లీ నిలుస్తుందంది. బతికి బయటపడ్డవాడు అపరాధో కాదో రెండేళ్లకోసారి పేపరు చూసి తెలుసుకోవలసిన రోజులవి. చివరికి 2023 నాటి న్యాయసంహితలో ఆ సెక్షను కనబడకుండా పోయింది. దానికి మాత్రం ఏ మెడికల్ బోర్డూ కూర్చోలేదు.

ఇందులో మనకి ప్రత్యేకంగా ఓ ఇబ్బంది ఉంది. మన రాష్ట్రం పుట్టిందే ఒక మనిషి అన్నం మానేసి ప్రాణం వదిలితే. 1952లో పొట్టి శ్రీరాములు యాభై ఎనిమిది రోజులు పస్తున్నారు. ఆయన పోయేదాకా చూసి, పోయాక రాష్ట్రం ఇచ్చారు. ఆయనకి కూడళ్లలో విగ్రహాలు, ఓ జిల్లాకి పేరు. నేను ఆయన త్యాగాన్ని వెంటిలేటరుతో కలిపి తూచడం లేదు. ప్రభుత్వాల చెవి ఏ సమయానికి తెరుచుకుంటుందో చెబుతున్నానంతే. 1952కీ తంబళ్లపల్లెకీ మధ్య ఆ సమయం పెద్దగా ముందుకి జరగలేదు.

సరే, ఇప్పుడు చట్టం మారిందిగా అంటారు. మారిందండి. నాలుగు దశాబ్దాలు ముంబయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో మంచాన పడి ఉన్న అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు తలుపు కొంచెం తెరిచింది. ఆవిడకి మాత్రం ఆ తలుపు తెరవలేదు. కన్నబిడ్డలా సాకిన నర్సులే వద్దన్నారు. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తులు గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని తేల్చారు. చికిత్స ఆపడం వరకు సరే. మందు ఇచ్చి చంపడం, చావడానికి సాయం చేయడం ఇప్పటికీ నేరమే. రేపు నాకు తెలివి లేనప్పుడు గొట్టాలు పెట్టొద్దని ముందే రాసిపెట్టుకునే వీలునామా కూడా చెల్లుతుందన్నారు. లివింగ్ విల్ అంటారు దాన్ని.

హక్కు ఇచ్చాక దాన్ని భద్రంగా దాచాలి కదా, దాచారు. ఆ కాగితం మీద మేజిస్ట్రేటు కౌంటర్ సంతకం, ఆస్పత్రిలో ఓ బోర్డు, కలెక్టరు వేసే ఇంకో బోర్డు, డాక్టర్లకి తలా ఇరవయ్యేళ్ల అనుభవం, ఆఖర్న మేజిస్ట్రేటు స్వయంగా వచ్చి రోగిని చూడటం. ఐసీయూలు నడిపే డాక్టర్ల సంఘమే కోర్టుకి వెళ్లి, అయ్యా ఈ దారిన ఎవరూ వెళ్లలేకపోతున్నారని మొరపెట్టుకుంది. 2023 జనవరిలో సడలించారు. సడలించిన రూపాన్నే కోనసీమలో మా అల్లవరంలో నడిపి చూద్దాం.

మా వీధిలో ఓ తాతగారున్నారనుకోండి. వైనతేయ ఒడ్డున మూడెకరాలు చేసిన మనిషి. నన్ను గొట్టాలకి కట్టొద్దర్రా అని ఆయన అరుగు మీద కూర్చుని వందసార్లు అన్నారు. అరుగు మీద అన్నది చెల్లదు. కాగితం రాయాలి. ఇద్దరు సాక్షులు కావాలి. నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరణ కావాలి, అంటే ఆటో కట్టించుకుని అమలాపురం. నోటరీగారు తలెత్తకుండా "పొలమాండీ, ఇల్లాండీ?" అంటారు. "ప్రాణమండి" అంటే అప్పుడు తలెత్తుతారు.

కాగితం నకలు ఇంట్లోవాళ్లకి ఒకటి. ఇంకొకటి ఊళ్లో పంచాయతీకి. అవునండి, పంచాయతీకే. స్థానిక సంస్థ ఓ అధికారిని నియమించాలి, ఆయన ఆ కాగితాన్ని భద్రపరచాలి. ఇంటిపన్ను రసీదులు, వీధిదీపాల బల్బులు, బ్లీచింగు పౌడరు బస్తాలు ఉన్న గదిలోనే తాతగారి ఆఖరి కోరిక కూడా ఉంటుందన్నమాట. గోవాలో 2024లో ఓ హైకోర్టు న్యాయమూర్తిగారే ముందుకొచ్చి తన లివింగ్ విల్ నమోదు చేయించుకుని దారి చూపారు. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. మన సచివాలయాల్లో ఇన్ని సేవల పట్టిక గోడకి వేలాడుతుంటుంది కదా, అందులో ఈ వరస ఎక్కడుందో చూసి చెప్పండి. బతికున్నట్టు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే పింఛనుదారుకి వేలిముద్ర పడక నాలుగుసార్లు తిప్పే యంత్రం, ఈ సేవకి వేలిముద్ర అడగదని ఆశిద్దాం.

అసలు రోజు వచ్చిందనుకుందాం. తాతగారు ఐసీయూలో ఉన్నారు. మొదటి బోర్డు: చూస్తున్న డాక్టరు, ఇంకో ఇద్దరు నిపుణులు. రెండో బోర్డు: జిల్లా వైద్యాధికారి పంపే ఒక డాక్టరు, మొదటి బోర్డులో లేని మరో ఇద్దరు నిపుణులు. నిపుణులకి కనీసం అయిదేళ్ల అనుభవం. రెండు బోర్డులూ తలా నలభై ఎనిమిది గంటల్లో తేలిస్తే మంచిదన్నారు. తర్వాత మేజిస్ట్రేటుకి కబురు. మొత్తం ఆరుగురు డాక్టర్లు! పక్షవాతం వచ్చిన రాత్రి ఒక్క న్యూరాలజీ డాక్టరు కోసం కాకినాడ పరిగెత్తినవాళ్లం మేము. ఆ ఆరుగురూ మొదటి రాత్రే వచ్చి ఉంటే తాతగారు లివింగ్ విల్‌తో కొబ్బరికాయల లెక్క రాసుకుంటూ ఉండేవారేమో.

ఈ జాగ్రత్తలు అనవసరం అనను. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో ముసలివాళ్లని ఇంట్లోవాళ్లే సాగనంపేసే తలైకూత్తల్ అనే ఆచారం ఉండేది, పూర్తిగా పోయిందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. మన దగ్గర దస్తావేజు మీద వేలిముద్ర పడిన మర్నాటినుంచి మజ్జిగ పలచబడే ఇళ్లు లేవా? కాబట్టి కాపలా ఉండాలి. నా తగువు కాపలాతో కాదు. ముందు గుమ్మంలో ఆరుగురు డాక్టర్లని కాపలా పెట్టి, పెరటి గుమ్మం బార్లా తెరిచిపెట్టడంతో.

పెరటి గుమ్మం పేరు లామా. ఆస్పత్రి గుమస్తా నుంచి ఆంబులెన్సు డ్రైవరు దాకా అందరికీ తెలిసిన మాట. రోగిని డాక్టర్ల సలహాకి విరుద్ధంగా మా ఇష్టప్రకారం తీసుకుపోతున్నామని సంతకం పెట్టడమే లామా. జరిగేది ఇలా ఉంటుంది. ఆరోజుకి కట్టవలసింది కట్టలేదని కౌంటరు నుంచి కబురొస్తుంది. డాక్టరుగారు కొడుకుని పక్కకి పిలిచి భుజం మీద చెయ్యి వేస్తారు. "చూడండి బాబూ, మేం చెయ్యగలిగిందంతా చేశాం. ఉంచుతానంటే ఉంచుతాం. ఇంటికి తీసుకెళ్తే ఆఖరి ఘడియలు మీ మధ్య గడుస్తాయి." అంటే సలహా ఇచ్చింది ఆయన. ఆయన సలహాకి విరుద్ధంగా తీసుకెళ్తున్నట్టు సంతకం పెట్టేది కొడుకు. ఇంత అందమైన వాక్యం మన సాహిత్యంలో ఎవరూ రాయలేదు.

వెంటిలేటరు తీస్తారు. ఆంబులెన్సులో ఒకడు చేత్తో ఊపిరి అందించే ఆంబూ బ్యాగు నొక్కుతూ కూర్చుంటాడు. ఊపిరుండగానే గుమ్మం చేరాలి, పోయాక తెస్తే ఇంట్లోకి రానివ్వరు మరి. బోడసకుర్రు వంతెన దాటేసరికి చుట్టాలకి ఫోన్లు అయిపోతాయి. వాకిట్లో మంచం వేసి, నోట్లో తులసితీర్థం పోసి, బ్యాగు నొక్కడం ఆపమంటారు. బోర్డు లేదు. నలభై ఎనిమిది గంటలు లేవు. మేజిస్ట్రేటు లేడు. నొప్పి తెలియకుండా ఓ ఇంజెక్షను కూడా లేదు. ఏ రిజిస్టరులోనూ ఇది దయామరణం కాదు. ఇందులో దయ లేదు కాబట్టి చట్టానికి అభ్యంతరం కూడా లేదు.

2011లో మా కోనసీమ రైతులు గిట్టుబాటు కాక క్రాప్ హాలిడే అని సాగు మానేస్తే దేశం ఉలిక్కిపడింది. మోహన్ కందా కమిటీ వచ్చింది. వరి వేయడం ఎందుకు మానేశారని అడగడానికి ఓ కమిటీ ఉన్న దేశంలో, మందు వేయడం ఎందుకు మానేశారని లామా సంతకం పెట్టినవాణ్ణి అడిగే నాథుడు లేడు. కారణం ఒకటే అయినా.

డబ్బున్నవాడి కథ ఇంకోలా ఏడుస్తుంది. కోనసీమలో గల్ఫుకో అమెరికాకో ఒకరైనా వెళ్లని వీధి చూపించండి. అబ్బాయి కువైట్ నుంచి వీడియో కాల్‌లో, "ఎంతైనా పర్లేదు డాక్టరుగారూ, నేనొచ్చేదాకా నాన్నని ఉంచండి" అంటాడు. ఉంచుతారు. సెలవు దొరికి, టికెట్ దొరికి, విమానం దిగేదాకా ఆ ముసలి గుండెలు లేచి పడుతూనే ఉంటాయి. మనకి చచ్చాక ఫ్రీజర్ బాక్సు, చావకముందు వెంటిలేటరు. రెండూ అద్దెకే, రెండూ అబ్బాయి వచ్చేదాకానే. ఆ మిషను కింద ఉన్నాయన్ని మాత్రం ఎవరూ అడగరు. ఆయన సెలవు ఎప్పుడో మంజూరైంది, రిలీవ్ చేసేవాడు లేడు.

ఇక ప్రపంచం సంగతంటారా, నెదర్లాండ్స్, బెల్జియం 2002లోనే డాక్టరు చేత ప్రాణం తీయించుకునే చట్టాన్ని అమల్లోకి తెచ్చాయి. అమెరికాలో ఒరెగాన్ 1997 నుంచి మందు చీటీ రాసిస్తోంది. కెనడా 2016లో మొదలుపెట్టి, 2021కి మరణం దగ్గర్లో లేనివాళ్లకి కూడా గుమ్మం తీసింది. అక్కడి వికలాంగుల సంఘాలు గోలపెట్టాయి: ఉండటానికి ఇల్లూ మనిషి సాయమూ అడిగితే ఇవ్వరు గాని చావు అడిగితే ఇస్తారా అని. తంబళ్లపల్లె తల్లిదండ్రులకి ఆ గోల అనువాదం అక్కర్లేకుండా అర్థమవుతుంది. అందుకే మన దగ్గర డాక్టరు చేత చంపించుకునే చట్టం కావాలని నేను అడగను. ఆస్పత్రి బిల్లు చూసి అరెకరం అమ్మే దేశంలో ఆ చట్టం వస్తే, దాన్ని మొదట వాడుకునేది జబ్బు కాదు, అప్పు.

నేనడిగేది అంతకంటే చవకైంది. కేరళని అడుగుతున్నాను. కోనసీమని ఆంధ్రా కేరళ అంటూ టూరిజం వాళ్లు ఏనాడో బోర్డులు పెట్టారు కదా. కొబ్బరిచెట్లు సరిపోయాయి, కాలవలు సరిపోయాయి, తక్కువయ్యాయని దిండిలో హౌస్‌బోట్లు కూడా దింపారు. కేరళలో ఇంకోటి కూడా ఉందండి, మర్చిపోయారు. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ బృందం మొదలుపెట్టిన నొప్పి నివారణ క్లినిక్కు ఊళ్లలోకి పాకి, 2008కి ప్రభుత్వ విధానమైంది. పంచాయతీ పంపిన నర్సు మంచాన పడ్డవాడి గడపలోకొచ్చి పుండు కడిగి, గొట్టం మార్చి, నొప్పికి మాత్ర ఇచ్చి వెళ్తుంది. హౌస్‌బోటు వచ్చినంత తేలిగ్గా ఆ నర్సు ఎందుకు రాలేదు? ఆవిడకి టిక్కెట్టు పెట్టడం కుదరదు, అదీ కారణం.

ఎలా చనిపోతున్నామన్న దానికి 2015లో ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ ఎనభై దేశాలకి మార్కులు వేస్తే మనకి 67వ స్థానం వచ్చింది. కేన్సరు నొప్పికి చవకైన మందు మార్ఫిన్ మాత్ర. 1985 మత్తుమందుల చట్టం భయంతో అది ఆస్పత్రుల నుంచే దాదాపు మాయమైంది. 2014లో సవరణ చేసి, గుర్తింపు పొందిన సంస్థలు ఉంచుకోవచ్చన్నారు. ఉంచుకోవచ్చు అన్నారు, ఉంచాలి అనలేదు. మా మండలంలోని ఓడలరేవుకి సముద్రం అడుగునుంచి గ్యాసు గొట్టంలో వచ్చేస్తోంది. ఒడ్డున నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి ఓ మాత్ర రావాలంటే ఎంతమంది సంతకాలు కావాలో కనుక్కోండి. నొప్పి తీసేవాడు లేక చావు కోరినవాణ్ణి పట్టుకుని, అతని కోరిక నైతికమా కాదా అని చర్చ పెట్టడం మాత్రం ఏ నీతి కిందికి వస్తుందో ఆ చర్చ పెట్టినవారే సెలవియ్యాలి.

అందుకని పాఠకుల్లో పెద్దవాళ్లకి ఓ మనవి. మీ మాట ఏదైనా సరే, ఆఖరి క్షణం దాకా అన్నీ చెయ్యమనైనా, ఏమీ చెయ్యొద్దనైనా, ఓపికున్నప్పుడే కాగితం మీద పెట్టండి. ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించండి. అమలాపురం వెళ్లి నోటరీ వేయించుకోండి. నకలు తీసుకుని మీ పంచాయతీ ఆఫీసుకి వెళ్లి, సుప్రీంకోర్టు చెప్పిన ఆ అధికారి ఎవరని అడగండి. తెలియదంటే రాసిమ్మనండి. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోకుండా మాత్రం గుమ్మం దిగకండి. దారిలోనే ప్రభుత్వాస్పత్రిలో ఆగి, మార్ఫిన్ మాత్ర ఉందా, ఇంటికొచ్చే నర్సు ఉందా అని ఇంకో ప్రశ్న వేయండి. లేదంటే ఈ సోమవారం గ్రీవెన్సుకి ఆ అర్జీ పట్టుకెళ్దాం, రండి. ఫ్లెక్సీ మీద మరణం మాట వద్దు.